తూకానికి ముందు దిష్టి: ఇంటి ఆచారాలూ అంగన్‌వాడీ పిల్లల ఆరోగ్యమూ

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు అంగన్‌వాడీ టీచరుగా చేరి మూడు నెలలైంది. కేంద్రానికి వచ్చే మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో సగం మంది సవర గిరిజన కుటుంబాల వారు, తక్కిన వారు కూలి పనులకు వలస వెళ్ళి వచ్చే ఇళ్ళ పిల్లలు. కుటుంబాల సంస్కృతిలో ఉన్న బలాన్ని పిల్లల ఆరోగ్యానికి వినియోగించుకోవాలని శిక్షణలో చెప్పారు గాని, ఆ ఇళ్ళకు వెళ్ళి చూస్తే తాయెత్తులూ పథ్యాలూ తప్ప మీకు బలమేదీ కనిపించలేదు. పైగా ఒక నాయనమ్మ రోజూ మనవడి కళ్ళ నిండా కాటుక దిద్ది పంపుతున్నది, ఆమెతో ఏమనాలో తోచడం లేదు. కాటుక సంగతి చివర చెబుతాను. ముందు చెప్పవలసినవి చెబితే గాని ఆ జవాబు మీకు పనికిరాదు.

నేను అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో, అంటే సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో, సూపర్‌వైజరుగా చేరి, ప్రాజెక్టు అధికారిగా పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో తొలి భాగమంతా సీతంపేట ఏజెన్సీలోను, ఆ తరువాత శ్రీకాకుళం మైదాన ప్రాంతంలోను గడిచింది. మీకు ఇప్పుడు కనిపిస్తున్నట్టే నాకూ మొదట్లో అన్నీ మూఢనమ్మకాలుగానే కనిపించాయి. చేరిన రెండో ఏడు ఒక కేంద్రంలో నాలుగేళ్ళ పాప మెడలో మురికి పట్టిన నల్లతాడు చూసి, దాని కింద చర్మం ఒరుసుకుపోయి ఉన్నందువల్ల, శుభ్రత పేరిట కత్తెరతో కత్తిరించి పడేశాను. మరునాటి నుంచి ఆ పాప రాలేదు. రాకపోవడమొక్కటే అయితే సరిపోయేది. ఆ తల్లి తన చంటిబిడ్డను టీకాల రోజున కూడా తీసుకురావడం మానేసింది. తొమ్మిది నెలలు నిండగానే పడవలసిన తట్టు టీకా ఆ బిడ్డకు ఐదు నెలలు ఆలస్యంగా పడింది. ఈలోగా ఆ బిడ్డకు తట్టు రాకపోవడం నా అదృష్టం తప్ప నా తెలివి కాదు. తాడు తీసి కడిగి, చర్మానికి కొబ్బరినూనె రాసి, కొత్త తాడు కట్టుకోమని తల్లితో చెప్పి ఉంటే అరగంటలో తీరిపోయే పని అది.

సంస్కృతిలో బలం అనగానే మనకు రాగిజావ, మునగాకు వంటి పదార్థాలే గుర్తుకు వస్తాయి. అవి మంచివే, వాటి గురించీ చెబుతాను. కాని నా అనుభవంలో అసలు బలం పదార్థంలో కంటే ఆచారానికి ఉన్న ఏర్పాటులో ఉంది. ప్రతి ఆచారానికీ ఒక రోజు ఉంటుంది, దాన్ని జరిపించే పెద్ద ఉంటుంది, చుట్టూ చేరే నలుగురు ఉంటారు, చేయకపోతే ఎందుకు చేయలేదని అడిగే నోళ్ళు ఉంటాయి. మన పథకాల్లో కొరవడేవి సరిగ్గా ఇవే. మనం కరపత్రం ఇచ్చి వచ్చేస్తాము, దాన్ని ఎప్పుడు ఎవరు అమలు చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆరోగ్యానికి సంబంధించిన మాటను అప్పటికే ఆ ఇంట్లో నడుస్తున్న ఆచారానికి ముడివేస్తే, గుర్తు చేసే బాధ్యత నాయనమ్మ తీసుకుంటుంది.

దీనికి నేను చూసిన అన్నిటికంటే మంచి ఉదాహరణ బరువు తూచడం. అప్పట్లో సాల్టర్ కాటాకు లుంగీ గుడ్డలాంటి సంచి తగిలించి అందులో బిడ్డను వేలాడదీసేవాళ్ళం. సంతలో సరుకును తూచినట్టు బిడ్డను తూచడమేమిటని తల్లులకు కష్టంగా ఉండేది. "తూకమేస్తే గుంటడు సిక్కిపోతాడు" అని ఒక ముసలమ్మ నా ముందే కోడలి చేతిలోంచి బిడ్డను లాక్కుంది. టీచరు ఎంత వివరించినా ప్రతి నెలా పదిమంది తప్పించుకునేవారు, రిజిస్టరులో మాత్రం అందరి బరువులూ పడేవి. అవి ఎలా పడేవో మీకు చెప్పనక్కరలేదు. ఆ చిక్కు విప్పింది నేను కాదు, టీచరు కాదు, చదువురాని ఆయా. తూకం రోజున ఆమె గుమ్మం దగ్గర కూర్చుని, బరువు చూసిన ప్రతి బిడ్డకూ గుప్పెడు ఉప్పుతో దిష్టి తీసి, ఆ ఉప్పును నీళ్ళలో వేసేది. మిరపకాయలు కాల్చవద్దని మాత్రం నేను చెప్పాను, గది నిండా పిల్లలున్నప్పుడు ఆ ఘాటు మంచిది కాదు కాబట్టి. మూడు నెలలు తిరిగేసరికి ఆ ముసలమ్మే కోడలి కంటే ముందు మనవణ్ణి ఎత్తుకుని వచ్చేది. దిష్టి ఉందా లేదా అన్న చర్చ మేము ఎన్నడూ పెట్టుకోలేదు. బిడ్డ బరువు తెలియడమే మాకు కావలసింది, బిడ్డకు కీడు జరగకపోవడమే ఆమెకు కావలసింది, రెండూ జరిగాయి. ఇప్పుడు మీ దగ్గర జబ్బ కొలిచే టేపు కూడా ఉంటుంది. ఆరు నెలలు దాటిన, అయిదేళ్ళ లోపు బిడ్డకు ఆ కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే అది తీవ్రమైన పోషకాహార లోపం, వెంటనే వైద్యులకు చూపించవలసిన కేసు. ఆ టేపు చుట్టనివ్వని తల్లి ఎదురైనప్పుడు మా ఆయాను తలచుకోండి.

అన్నప్రాసన కూడా ఇటువంటిదే. మగబిడ్డకు సరి నెలల్లో, అంటే ఆరులోనో ఎనిమిదిలోనో, ఆడబిడ్డకు బేసి నెలల్లో, అంటే అయిదులోనో ఏడులోనో చేయడం మన వైపు చాలా ఇళ్ళలో ఆనవాయితీ. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే, నిండగానే పాలతో పాటు మెత్తని ఆహారం అన్నది వైద్యుల మాట. రెండిటికీ ఎంత దగ్గర సంబంధం ఉందో చూడండి. మనం చేయవలసినదల్లా ఆడబిడ్డకు అయిదో నెల కాకుండా ఏడో నెల మొదట్లోనే ముహూర్తం పెట్టించమని ఇంటి పెద్దలను ఒప్పించడం, ఎనిమిదో నెల దాకా ఆగుదామనే మగబిడ్డ ఇంట్లో ఆరు నిండిన వారంలోనే కానిచ్చెయ్యమని చెప్పడం. కేంద్ర ప్రభుత్వపు పోషకాహార కార్యక్రమం పోషణ్ అభియాన్ 2018లో మొదలైన తరువాత కేంద్రాల్లోనే అన్నప్రాసన, సీమంతం సామూహికంగా జరిపే పద్ధతి వచ్చింది. అది మంచి ఆలోచనే గాని, చాలా చోట్ల ఫోటోతో ఆగిపోతున్నది. ఆ రోజు తినిపించేది ఒక చెంచా పరమాన్నం. మరునాటి నుంచి ఎవరు, ఎన్నిసార్లు, ఎంత చిక్కగా తినిపిస్తారన్నది ఆ రోజే నలుగురి ముందు మేనమామ చేతనో నాయనమ్మ చేతనో అనిపించాలి. నలుగురిలో అన్న మాటకు మన ఊళ్ళలో ఇంకా విలువ ఉంది.

ఇక తిండి దగ్గరకు వద్దాం. శిక్షణ చార్టులో "రాగులు" అని రాసి ఉంటుంది. మా ఉత్తరాంధ్రలో వాటిని చోళ్ళు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు, రాగి సంగటి తినే రాయలసీమలో రాగులే. ఒకసారి ఒక కేంద్రంలో రాగులు తింటే ఎముకలు గట్టిపడతాయని టీచరు పాఠం చెబుతుంటే, పొద్దున్నే చోడి అంబలి తాగి వచ్చిన పిల్లలు అదేదో పట్నంలో దొరికే వస్తువు అనుకుని నోరు తెరుచుకుని విన్నారు. వాళ్ళ ఇంట్లో ఉన్నదే మంచిదని చెప్పబోయి, మంచిదేదో ఎక్కడో ఉందని చెప్పినట్టయింది. అందుచేత మీ మొదటి పని, మీ పిల్లల ఇళ్ళలో వండే ప్రతి గింజకూ ప్రతి ఆకుకూ ఆ ఇంటి పేరు తెలుసుకోవడం. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, అంతే బరువు ఆవుపాలలో ఉండే దానికి ఇది దాదాపు మూడు రెట్లు. ఈ సంగతి చోళ్ళు అన్న పేరుతోనే చెప్పండి.

అయితే అంబలిని పొగిడి ఊరుకుంటే పొరపాటు చేసినట్టే. పొలానికి వెళ్ళే మనిషి దాహానికీ ఆకలికీ కలిపి తాగే పలుచని అంబలి అది. దాన్నే రెండేళ్ళ బిడ్డకు పోస్తే కడుపు నిండుతుంది, బలం అందదు. ఆ వయసు బిడ్డ కడుపు చిన్నది, అందులో సగానికి పైగా నీళ్ళే చేరితే ఇక తిండికి చోటెక్కడిది? గరిటె వంచితే నీళ్ళలా కారిపోకుండా మెల్లగా జారేంత చిక్కగా ఉండాలని, అందులో ఒక చెంచా నెయ్యో నూనెయో కలపాలని చెప్పండి. అయిదు గ్రాముల నూనె నలభై అయిదు కేలరీలు ఇస్తుంది. చిక్కగా చేస్తే బిడ్డ మింగలేదంటారు, అది నిజమే. దానికి విరుగుడు కూడా మన పెద్దవాళ్ళ దగ్గరే ఉంది: చోళ్ళను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండి. మొలకలో పుట్టే ఎంజైము గంజిపదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి ఆ పిండితో ఎక్కువ మోతాదు వేసి కాచినా జావ బంకగా కాదు, బిడ్డకు సులువుగా దిగుతుంది. ప్రయోగశాలలో దీన్ని వివరించిన వారి కంటే ఎంతో ముందే, చంటిబిడ్డకు మొలక పిండే కాచి పోయాలని మన ముసలమ్మలకు తెలుసు. ఎందుకని అడిగితే "అరుగుతాది" అనేవారు.

గోరుముద్దల గురించి ఎవరూ ఆరోగ్య పాఠంగా చెప్పరు, నేను చెబుతాను. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చందమామనో కాకినో చూపిస్తూ, చిన్న చిన్న ముద్దలు చేసి, ఒకటి మింగాక మరొకటి పెట్టడం అనే పద్ధతిని ఇప్పుడు పిల్లల వైద్యులు ఎంతో గౌరవంగా సిఫారసు చేస్తున్నారు. బిడ్డ ఆకలినీ విసుగునూ గమనిస్తూ, బలవంతం చేయకుండా, మాట్లాడుతూ తినిపించడమే దాని సారాంశం. మీ కేంద్రంలో మధ్యాహ్న భోజనం అరగంటలో ముగించాలనే తొందరలో పళ్ళెం ముందు పెట్టి తిను తిను అంటున్నారా, లేక చిన్నవాళ్ళ పక్కన కూర్చుంటున్నారా అన్నది ఒకసారి చూసుకోండి. నిబంధనల ప్రకారం బిడ్డకు రోజుకు అందవలసిన కేలరీలు, మాంసకృత్తులు పళ్ళెంలోకి వస్తే చాలదు, నోట్లోకి వెళ్ళాలి. ఫోను చూపిస్తూ తినిపించడం దీనికి పూర్తిగా వ్యతిరేకం. చందమామను చూస్తున్న బిడ్డ అమ్మ మాటకు మాట కలుపుతుంది, ఫోనులో మునిగిన బిడ్డకు తాను తింటున్న సంగతే తెలియదు.

రక్తహీనత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. తోటకూర, మునగాకు, గోంగూర పెరట్లో ఉన్న ఊళ్ళలో ఇదేమిటని మీరు అడగవచ్చు. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం. దానికి నిమ్మకాయో ఉసిరికాయో జామపండో తోడైతే మెరుగ్గా పడుతుంది, భోజనంతో పాటు టీ తాగితే ఉన్నది కూడా పట్టదు. పప్పులో ఆకుకూర వేసి, దించాక నిమ్మకాయ పిండడం మన వంటింటి పద్ధతే. పిల్లలకు పొద్దున్నే టీలో బన్ను ముంచి ఇవ్వడం మాత్రం ఏ తాతలనాటి ఆచారమూ కాదు, నా కళ్ళముందే వచ్చింది. సంప్రదాయం పేరుతో నడుస్తున్న వాటిలో ఇటువంటి నిన్నమొన్నటివి చాలా ఉన్నాయి. ఇంటి తిండి చాలునని, ఐరన్ సిరపు, నులిపురుగుల మాత్ర అక్కరలేదని ఎవరైనా మిమ్మల్ని పొగుడుతూ చెబితే ఒప్పుకోవద్దు. ఇంత రక్తహీనత ఉన్నచోట వంటిల్లు ఒక్కటే సరిపోదు.

నేను మీతో నిర్మొహమాటంగా చెప్పవలసిన భాగం ఇది. సంస్కృతిని గౌరవించడమంటే అన్నిటికీ తల ఊపడం కాదు. కొన్ని పద్ధతులు బిడ్డను చంపగలవు, వాటి విషయంలో బేరం లేదు. మాటలు బాగా వస్తాయని చంటిబిడ్డ నాలుకకు వసకొమ్ము అరగదీసి రాయడం మన నుడికారంలోకే ఎక్కింది, గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. ఆ వసతోనే వాంతులు పట్టుకుని ఆసుపత్రికి చేరిన చంటిబిడ్డలను నేను చూశాను. మాటలు రావాలంటే బిడ్డతో మాట్లాడాలి, దానికి వేరే మందు లేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం, ముక్కులో చెవిలో నూనె పోయడం, తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేయడం, కడుపు ఉబ్బిందని వాతలు పెట్టడం కూడా ఈ వరసలోనివే. అయితే కాదనడంలోనూ ఒక పద్ధతి ఉంది. "నూనె పోయవద్దు" అని ఆపేయకుండా "ఒళ్ళంతా నూనె రాసి నలుగు పెట్టండి, చెవి వైపు మాత్రం వెళ్ళవద్దు" అంటే, ఆ నాయనమ్మ చేతులకు పని మిగులుతుంది. ఆ చేతులు ఖాళీగా ఉండలేవు.

జబ్బు చేసినప్పుడు ఈ తేడా మరీ స్పష్టంగా తెలుస్తుంది. లంఖణం పరమౌషధం అన్న సామెత పెద్దవాళ్ళ అజీర్తికి పుట్టింది గాని, విరేచనాలవుతున్న రెండేళ్ళ బిడ్డకు కాదు. నీళ్ళు పోతున్న బిడ్డకు తిండీ నీళ్ళూ ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ సామెతను ఖండించకుండా నేను మరో మార్గం పట్టేదాన్ని. పథ్యం ఉండాలి అంటారు కదా, సరే, పథ్యం పెట్టండి: ఉప్పు వేసిన బియ్యపు గంజి, పలుచని మజ్జిగ, పప్పుకట్టు, మెత్తగా ఉడికిన అన్నం, తల్లిపాలు ఎప్పటిలాగే. దానితో పాటు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక పూర్తి ఓఆర్‌ఎస్ పొట్లం, ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు పద్నాలుగు రోజులు. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా జింకు ఆపవద్దని చెప్పడం మరవకండి; అందరూ అక్కడే ఆపేస్తారు. పథ్యం అన్న మాటకు ఆ ఇంట్లో ఉన్న అధికారం మన "పోషకాహారం" అన్న మాటకు ఎప్పటికీ రాదు.

అమ్మవారు పోసింది అన్నప్పుడు మాత్రం ఆచారమే మనకంటే ముందుంది. ఆటలమ్మ వచ్చిన బిడ్డను గడప దాటనివ్వరు, వేపాకు గుమ్మానికి కడతారు, కొత్తవాళ్ళను రానివ్వరు, పొక్కులు మాడి తలస్నానం అయ్యేదాకా బడికి పంపరు. అంటువ్యాధిని ఒక ఇంటికి పరిమితం చేయడానికి ఇంతకంటే చక్కని ఏర్పాటు మన పట్నపు ప్లేస్కూళ్ళలో నాకు కనిపించలేదు. అక్కడ జ్వరం మాత్ర వేసి పిల్లను పంపేస్తారు. ఆ తల్లిని మెచ్చుకోండి, మెచ్చుకున్న నోటితోనే జ్వరం ఎక్కువైనా, ఆయాసం వచ్చినా, వచ్చింది తట్టు అనిపించినా అమ్మవారికి మొక్కుతూనే ఆసుపత్రికి రావాలని చెప్పండి.

శుభ్రత విషయంలో ఒక్క గమనిక చాలు. బయటి నుంచి రాగానే కాళ్ళు కడుక్కోవడం, తిన్నాక నోరు పుక్కిలించడం మన పిల్లలకు ఎవరూ నేర్పనవసరం లేదు. కాని మన ఇళ్ళలో సబ్బుతో చేతులు కడిగేది తిన్న తరువాత, తినడానికి ముందు నీళ్ళతో తడిపి ఊరుకుంటారు. జిడ్డు వదిలించుకోవడం తెలుసు గాని, కంటికి కనిపించని మురికి సంగతి తెలియదు. ఉన్న అలవాటును ముందుకు జరపడం కొత్త అలవాటు చేయడం కంటే తేలిక.

ఆటల గురించి మీకు నేను చెప్పేది తక్కువ. తొక్కుడుబిళ్ళ, ఒప్పులకుప్ప, చెమ్మచెక్క ఆడే పిల్లకు వేరే వ్యాయామం అక్కరలేదు. గుజ్జనగూళ్ళను మాత్రం వదులుకోవద్దు. చిన్న చిన్న పిడతల్లో ఉత్తుత్తి వంట చేసి ఒకరికొకరు వడ్డించుకునే ఆ ఆటలో, ఇంట్లో నిజంగా ఏం వండుతున్నారో, ఎవరు ముందు తింటున్నారో, ఆడపిల్లకు ఎంత పెడుతున్నారో మొత్తం బయటపడుతుంది. నేను ఇంటింటి సర్వేలో రాబట్టలేని సంగతులు ఆ ఆట పక్కన పావుగంట కూర్చుని తెలుసుకున్నాను. వామనగుంటలకు చింతపిక్కలు వాడేటప్పుడు జాగ్రత్త. ఒకసారి మూడేళ్ళ వాడు పిక్కను ముక్కులో దోపుకుంటే పాలకొండ ఆసుపత్రి దాకా పరుగెత్తవలసి వచ్చింది. మూడేళ్ళ లోపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వెంట వచ్చే రోజున పిక్కలూ వేరుశనగ గింజలూ అందనివ్వకండి. అదే వేరుశనగను పొడిచేసి బెల్లంతో ఉండ కడితే అయిదు రూపాయల చిప్స్ పొట్లం కంటే ఎన్నో రెట్లు మేలు.

మీ పిల్లల్లో సగం మంది సవర ఇళ్ళ వారన్నారు కాబట్టి భాష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. భాషను చదువుకు సంబంధించిన విషయంగానే చూస్తాము, అది ఆరోగ్యానికి సంబంధించినది కూడా. నాలుగేళ్ళ బిడ్డకు కడుపులో నొప్పి వస్తే తన ఇంటి మాటలో చెబుతుంది. ఆ మాట మీకు తెలియకపోతే బిడ్డ ఊరికే మారాం చేస్తున్నదని అనుకుంటారు. ఒంటికి వెళ్ళాలని తెలుగులో అడగడం రాక బిగబట్టుకుని కూర్చునే పిల్లలు, నీళ్ళు అడగడానికి సిగ్గుపడి మధ్యాహ్నం దాకా దాహంతో ఉండే పిల్లలు ప్రతి ఏజెన్సీ కేంద్రంలోనూ ఉంటారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పనిచేస్తూ, ఎవరూ అడగకుండానే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించి, 1931 నాటికి ఆ భాషకు వ్యాకరణం కూడా అచ్చువేయించారు. మనకు అంత పాండిత్యం అక్కరలేదు. నొప్పి, నీళ్ళు, ఆకలి, జ్వరం, వాంతి, దురద, ఒంటికి, రెంటికి, భయం, అమ్మ వంటి ఇరవై ముప్పై మాటలు చాలు. మీ ఆయా సవర మహిళ అయితే ఆమెను అడిగి తెలుగు లిపిలో రాసి గోడకు అంటించండి, పిల్లల చేత మీ ఉచ్చారణ దిద్దించుకోండి. టీచరు తప్పుగా పలికితే నవ్వుకునే హక్కు దొరికిన బిడ్డ, మరునాడు తన చెవి నొప్పి సంగతి మీకు చెబుతుంది.

అసలు అంగన్‌వాడీ అన్న మాటలోనే ఈ ఆలోచన ఉంది. మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ బోర్డి, కోస్‌బాడ్ ప్రాంతాల్లో ఆదివాసీ పిల్లల కోసం పనిచేసినప్పుడు, పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ ఇంటి ముంగిటికి తీసుకువెళ్ళారు. అంగణం అంటే ముంగిలి, వాడీ అంటే ఆవరణ. అక్కడ దొరికే ఆకులూ గింజలూ రాళ్ళతోనే పాఠాలు చెప్పారు. ఆ పేరుతోనే 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ 33 ప్రాజెక్టుల్లో మొదలైంది. ముంగిలి అన్నది పోయి వాడీ మాత్రమే మిగలడం తరువాతి కథ.

వలస కుటుంబాల విషయంలో ఆధారం ఒక్కటే, వెనుక ఉండిపోయిన నాయనమ్మ లేదా అమ్మమ్మ. మన సమావేశాలన్నీ తల్లుల సమావేశాలు; తల్లి హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టడం పనిలో ఉంటే, బిడ్డకు అన్నం పెట్టే మనిషికి మనం ఒక్క మాటా చెప్పడం లేదు. నెలకొకసారి ముసలమ్మలను మాత్రమే పిలవండి. ఉపన్యాసం ఇవ్వవద్దు. మీ చిన్నప్పుడు బిడ్డకు దగ్గు వస్తే ఏం చేసేవారు, కరువు రోజుల్లో ఏ ఆకులు తినేవారు, ఇప్పుడవి ఎక్కడ దొరుకుతున్నాయి అని అడగండి. అటవీ ప్రాంతపు ముసలమ్మకు తెలిసిన ఆకుకూరల్లో సగం నాకు ఇప్పటికీ గుర్తుపట్టడం రాదు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపూలతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఇప్పపువ్వు అంటే సారా తప్ప మరొకటి గుర్తురాని మైదానం వాళ్ళకు అది వింత, ఆదివాసులకు మాత్రం అది ఎప్పటి నుంచో తిండి. మీ సమావేశంలో ఇటువంటిది ఒక్కటి బయటపడి, మరుసటి వారం కేంద్రంలో వండితే, ఆ ముసలమ్మ మనవడు ఆ రోజు ఎలా కూర్చుని తింటాడో మీరే చూస్తారు. తెలియని ఆకును మాత్రం ఎవరు చెప్పినా నేరుగా పిల్లల వంటలో వేయకండి. ముందు మీ ఊరి నర్సు ఏఎన్ఎంకూ, వైద్యాధికారికీ చూపించండి, పెద్దవాళ్ళు తిని చూశాకే పిల్లలకు పెట్టండి.

ఇప్పుడు కాటుక సంగతి. ఇంట్లో పట్టినదైనా కొన్నదైనా కంటి లోపల పెట్టే కాటుక వల్ల చూపు పెరగదు, కళ్ళు పెద్దవి కావు. వేలి మురికి కంట్లోకి వెళ్ళి కలక రావచ్చు, బజారు కాటుకల్లో కొన్నింటిలో సీసం ఉంటుంది, అది బిడ్డ మెదడుకు హాని చేస్తుంది. అయినా రేపు ఆ నాయనమ్మ కనిపించగానే ఈ మాటలు చెప్పకండి. ఈ వారం తూకం రోజున ఆమె మనవడి బరువు ఆమె ముందే చూసి, పెరిగిన గ్రాములు ఆమెకే చెప్పండి. మీ పెంపకం వల్లే పెరిగాడని అనండి, అది అబద్ధం కాదు. అప్పుడు బిడ్డ ఇంత ముద్దుగా ఉన్నాడు, దిష్టి తగిలేటట్టున్నాడు, కంట్లో పెట్టిన కాటుక ఏడిస్తే కరిగిపోతున్నది, చెరిగిపోకుండా అరికాలిలోనూ చెవి వెనకా చుక్క పెట్టండి అని చెప్పండి. వారం తరువాత కళ్ళు ఎర్రగా లేకపోతే ఆ సంగతి కూడా ఆమెకే ముందు చూపించండి. అప్పటికీ ఆమె కంటికే పెడితే, ఏఎన్ఎం వచ్చే రోజున నాయనమ్మను పిలిచి మీరు పక్కన ఉండగా సీసం గురించి ఏఎన్ఎం చేత చెప్పించండి. ఆ సమయానికి ఆ ముసలమ్మ మీ పక్షాన ఉంటుంది కాబట్టి వింటుంది.